మోటారుసైకిల్ ఆయిల్ ఫిల్టరు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో బయటి రకాల ఎంపిక

ఇంజిన్‌లో తిరిగే నూనె నుంచి లోహపు పొడి, మసి, దుమ్ము, క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పీచు వంటి ఘన రేణువులను వడకట్టే భాగం ఆయిల్ ఫిల్టరు. వాహన కంపెనీ తన పేరుతో అమ్మేదాన్ని వాడుకలో ‘కంపెనీ ఐటం’ లేదా ‘ఒరిజినల్’ అంటారు. వేరొక తయారీదారు అవే కొలతలతో చేసి సొంత పేరుతో అమ్మేదాన్ని వర్తకులు ఆఫ్టర్‌మార్కెట్ సరుకంటారు. ఈ వ్యాసంలో దాన్ని బయటి ఫిల్టరు అని పిలుస్తున్నాం. ఇతరుల పేరునో, డబ్బా ముద్రనో కాపీ కొట్టి అమ్మేది నకిలీ. మెకానిక్ షెడ్డులో ‘డూప్లికేట్’ అన్న మాట ఈ రెండింటికీ వాడేస్తుంటారు గానీ, బయటి ఫిల్టరు చట్టబద్ధమైన సరుకు, నకిలీ నేరం.

ఇక్కడ చెప్పే ప్రాంతం పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానం. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజన తర్వాత ఇది గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పరుచుకుని ఉంది. పత్తి, మిరప, పొగాకు ఇక్కడి ప్రధాన వాణిజ్య పంటలు.

చరిత్ర

తొలినాటి కార్లలో ఫిల్టరు లేదు. పంపు నోటి దగ్గర ఒక జాలి ఉండేది, నూనెను తరచుగా పారబోసి కొత్తది పోసేవారు. 1920ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ తయారుచేసిన ‘ప్యూరోలేటర్’ను కారు ఇంజిన్‌కు అమర్చిన తొలి ఆయిల్ ఫిల్టరుగా చెబుతారు. మొదట్లో నూనెలో కొంత భాగమే ఫిల్టరు గుండా పోయేది. పంపు నుంచి వచ్చే నూనె మొత్తాన్నీ వడపోసే పూర్తి ప్రవాహ పద్ధతి తర్వాత స్థిరపడింది. డబ్బాతో సహా తిప్పి బిగించే స్పిన్-ఆన్ ఫిల్టరు 1950ల్లో వచ్చింది.

మన రోడ్ల మీద కథ వేరు. రాజ్‌దూత్, ఎజ్డీ, ఆర్ఎక్స్ 100 వంటి టూ స్ట్రోక్ బళ్లలో ఇంజిన్ నూనె పెట్రోలుతో పాటే కాలిపోయేది. తిరిగి వాడే నూనె లేనప్పుడు దాన్ని వడకట్టే పనీ లేదు. 1955లో మద్రాసులో తయారీ మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఫోర్ స్ట్రోక్ బండి కాబట్టి దానిలో ఫెల్టుతో చేసిన ఫిల్టరు ఉండేది. ఫోర్ స్ట్రోక్‌ను ఊరూరా చేర్చింది 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, దాని తర్వాత 1994లో వచ్చిన స్ప్లెండర్. 2001లో బజాజ్ పల్సర్ వచ్చాక, మార్చి పారేసే కాగితపు ఫిల్టరు సాధారణ సర్వీసింగ్ ఖర్చులో ఒక పద్దు అయింది.

రకాలు

జాలి ఫిల్టరు: ఇంజిన్ కింద నూనె నిలిచే సంప్ అడుగున, పంపు పీల్చే చోట ఉండే సన్నని లోహపు వల. గ్యాస్కెట్ ముక్కలు, పెద్ద లోహపు తునకలు పంపులోకి పోకుండా ఆపుతుంది. మెత్తని పొడి దీనికి అందదు. కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు.

అపకేంద్ర ఫిల్టరు: క్రాంక్ షాఫ్ట్ కుడి కొసన దానితో పాటే తిరిగే గిన్నె. ఆ వేగానికి బరువైన రేణువులు అంచుకు పోయి నల్లటి ముద్దగా పేరుకుంటాయి. స్ప్లెండర్, ప్యాషన్ తరగతి 100 సీసీ బళ్లలో ఉండేవి ఈ గిన్నె, పైన చెప్పిన జాలి, ఈ రెండే. కొని మార్చే కాగితపు ఫిల్టరు వీటిలో లేదు. ఈ మైదానంలో కనిపించే బళ్లలో ఎన్నో ఈ తరగతివే కాబట్టి, దుకాణానికి వెళ్లేముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. ఇలాంటి బండికి ఫిల్టరు మార్చామని బిల్లులో రాశారంటే ఏ భాగం మార్చారో అడగాలి. ఇక్కడ చేయాల్సింది కుడివైపు మూత విప్పి గిన్నెను, జాలిని కడగడం, గ్యాస్కెట్ కొత్తది వేయడం. శ్రమ ఎక్కువ, కూలి తక్కువ కాబట్టి షెడ్లలో తరచూ దాటేసే పని కూడా ఇదే.

కాగితపు ఎలిమెంటు: మడతలు పెట్టిన కాగితాన్ని రెండు బిళ్లల మధ్య గుండ్రంగా అతికించిన చిన్న స్థూపం. ఇంజిన్ పక్కనున్న మూత తీసి లోపల పెడతారు. పల్సర్, అపాచీ, కేటీఎం డ్యూక్, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 సీసీ యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్), దాని తర్వాతి జే సిరీస్ ఇంజిన్లలో ఇదే పద్ధతి.

స్పిన్-ఆన్: ఎలిమెంటు, కవాటాలు, రబ్బరు సీలు అన్నీ ఒకే డబ్బాలో ఉండి, మరతో బిగించేది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్లలో, కవాసకీ వంటి పెద్ద బళ్లలో ఉంటుంది.

కడిగి వాడే ఉక్కు జాలి ఫిల్టర్లను రేసు బళ్లకని అమ్ముతారు. నూనెను తేలిగ్గా పోనిస్తాయి గానీ, అతి మెత్తని పొడిని మంచి కాగితమంతగా పట్టవు. దుమ్ము నేలలో రోజువారీ బండికి ఇవి తగినవి కావు.

పని తీరు

మోటారుసైకిల్‌లో సాధారణంగా ఇంజిన్, క్లచ్, గేరుబాక్సు మూడింటికీ ఒకే నూనె. అందువల్ల కారు ఫిల్టరుకు తగలని సరుకు దీనికి తగులుతుంది: క్లచ్ ప్లేట్ల పీచు, గేరు పళ్ల నుంచి రాలిన ఉక్కు పొడి. అదీ కారులో పోసే నూనెలో మూడోవంతో నాలుగోవంతో ఉండే నూనెలో. చిన్న బండిలో పట్టేది దాదాపు ఒక లీటరే కాబట్టి మురికి త్వరగా చిక్కబడుతుంది.

వడపోత సామర్థ్యాన్ని మైక్రాన్లలో చెబుతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. బేరింగుల్లో నూనె పొర మందానికి దగ్గరగా ఉండే రేణువులు, సుమారుగా 5 నుంచి 25 మైక్రాన్లవి, అరుగుదలకు ముఖ్య కారణం. అంతకన్నా పెద్దవి ఆ సందులోకి దూరలేవు, మరీ చిన్నవి పొరతో పాటు జారిపోతాయి.

డబ్బా మీద ‘20 మైక్రాన్లు’ అన్న ఒక్క అంకె వల్ల తెలిసేది తక్కువ. ఆ పరిమాణం గల రేణువుల్లో సగాన్ని పట్టే ఫిల్టరూ, నూటికి తొంభై తొమ్మిదింటిని పట్టే ఫిల్టరూ రెండూ ఆ అంకెనే వేసుకోగలవు. కచ్చితమైన కొలత బీటా నిష్పత్తి. 20 మైక్రాన్ల దగ్గర బీటా 75 అంటే, ఆ పరిమాణమూ ఆ పైనా ఉన్న రేణువులు 75 వస్తే ఒక్కటే దాటిపోతుంది, అంటే 98.7 శాతం ఆగిపోతాయి. ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్ల పరీక్షలకు ఐఎస్ఓ 4548 ప్రమాణాల వరుస ఉంది. అందులో 12వ భాగం వడపోత సామర్థ్యానికి, ఫిల్టరు ఎంత మురికిని ఇముడ్చుకోగలదన్న దానికి సంబంధించినది. చిన్న బళ్ల ఫిల్టర్ల డబ్బాల మీద ఈ వివరాలు అరుదుగా కనిపిస్తాయి.

పొరగా వాడేది ఎక్కువగా రెజిన్ పట్టించిన సెల్యులోజ్ కాగితం. రెజిన్ లేకపోతే వేడి నూనెలో కాగితం మెత్తబడి మడతలు ఒకదాని మీదొకటి వాలిపోతాయి. గాజు పీచు కలిసిన కృత్రిమ పొర అదే సైజులో ఎక్కువ మురికిని ఇముడ్చుకుంటుంది, ధరా ఎక్కువే.

బైపాస్ కవాటం: ఫిల్టరు పూడుకుపోయినా, నూనె చల్లగా చిక్కగా ఉన్నా, వడపోయని నూనెనైనా బేరింగులకు పంపే తలుపు ఇది. మురికి నూనె వల్ల ఇంజిన్ మెల్లగా అరుగుతుంది, నూనే అందకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది. అందుకే ఈ ఏర్పాటు. కొన్ని బళ్లలో ఈ కవాటం ఇంజిన్‌లో ఉంటుంది, కొన్నింట ఫిల్టరులోనే ఉంటుంది. రెండో రకం బండికి కవాటం లేని ఫిల్టరు పెడితే ఈ రక్షణ పోతుంది. చలిదేశాల సలహాల్లో చల్లటి స్టార్టింగ్ గురించి చాలా చెబుతారు. శీతకాలం తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల దిగువకు అరుదుగా దిగే ఈ మైదానంలో కవాటం తెరుచుకోవడానికి ముఖ్య కారణం గడువు దాటి పూడుకుపోయిన ఫిల్టరే.

స్పిన్-ఆన్ రకాల్లో, ఇంజిన్ ఆపాక నూనె వెనక్కి జారిపోకుండా రబ్బరు కవాటం కూడా ఉంటుంది. నైట్రైల్ రబ్బరు కన్నా సిలికాన్ రబ్బరు వేడికి ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది.

నేల, ఎండ, బరువు

నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి, ట్రాక్టరు చక్రాల కింద పిండిలా నలుగుతుంది. డొంకదారుల్లో ట్రాక్టరు వెనక నడిచే బండి పీల్చేది ఆ పొడినే. మిరప కోతలు, ఎండబెట్టడం, గుంటూరు మిర్చి యార్డుకు తోలకం ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. దుమ్ము లేచే కాలమూ అదే. మే నెలలో రెంటచింతల చుట్టుపక్కల 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. గాలితో చల్లబడే ఇంజిన్, వెనక మందు డబ్బానో ఎరువు బస్తానో, మొదటి రెండో గేర్లలో చేనిగట్ల వెంట ప్రయాణం: నూనెకు ఇది కష్టమైన పని. పత్తి తీత కాలంలో పీచు ఇంజిన్ ఫిన్నుల మధ్య బురదతో కలిసి అట్టకడితే వేడి మరింత పెరుగుతుంది.

అయితే ఈ దుమ్ము నూనెలోకి చేరే దారి ఎయిర్ ఫిల్టరు (చూ. ఎయిర్ ఫిల్టరు). అది చిరిగినా, సరిగా కూర్చోకపోయినా, మట్టి నేరుగా సిలిండరులోకి పోయి, రింగులను, బోరును గీసి, ఆపైన నూనెలో కలుస్తుంది. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఖరీదైన ఆయిల్ ఫిల్టరు పెట్టి, ఎయిర్ ఫిల్టరును దులిపి దులిపి ఏళ్లపాటు నడిపే అలవాటు ఈ ప్రాంతంలో డబ్బు దండగ పద్ధతుల్లో మొదటిది.

వానాకాలంలో వాగులు దాటేటప్పుడు నీరు ఇంజిన్‌లోకి చేరితే నూనె పాలు కలిపిన టీ రంగుకు తిరుగుతుంది. నీరు తగిలిన కాగితపు పొర ఉబ్బి బలం కోల్పోతుంది. అలాంటప్పుడు కిలోమీటర్ల లెక్క చూడకుండా నూనె, ఫిల్టరు రెండూ మార్చాలి.

బయటి ఫిల్టరు ఎంపిక

కొలతలు సరిపోవడం ముందు, వడపోత సామర్థ్యం తర్వాత, పేరు ఆ తర్వాత. ఎంత మంచి కాగితమైనా పక్కనుంచి నూనె జారిపోతుంటే వృథా.

బండి పేరు చెప్పి ఫిల్టరు అడగడం చాలదు. ‘బుల్లెట్ 350’ అన్న ఒకే పేరు కింద మూడు ఇంజిన్లు నడిచాయి: పాత పోత ఇనుప ఇంజిన్, దాని తర్వాత యూసీఈ, 2023 నుంచి జే సిరీస్. క్లాసిక్ 350 కూడా 2021లో యూసీఈ నుంచి జే సిరీస్‌కు మారింది. ఒకదాని ఎలిమెంటు మరొకదానికి పడుతుందని అనుకోకూడదు. ఓనర్ మాన్యువల్‌లోనో, విడిభాగాల పట్టికలోనో ఉన్న పార్టు నంబరు, బండి తయారైన సంవత్సరం, ఈ రెండూ పట్టుకుని బయటి తయారీదారు పట్టికలో సరిపోయే నంబరు చూడాలి. పాత ఎలిమెంటును వెంట తీసుకెళ్లి, ఎత్తు, బయటి వ్యాసం, లోపలి రంధ్రం, రబ్బరు రింగు మందం పక్కపక్కన పెట్టి చూడటం పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. పార్టు నంబరుకు అది మంచి తోడు.

స్పిన్-ఆన్ విషయంలో మర ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఎం20×1.5 మర చాలా మోటారుసైకిల్ ఫిల్టర్లకూ, కొన్ని కార్ల ఫిల్టర్లకూ ఉమ్మడి. కానీ బైపాస్ కవాటం తెరుచుకునే ఒత్తిడి, సీలు వ్యాసం వేరుగా ఉండొచ్చు. ముప్పావు అంగుళం మర దీనికి చాలా దగ్గర కొలత కావడంతో ఒకదానికి ఒకటి ఎక్కినట్టే ఎక్కి, ఒత్తిడి పెరిగినప్పుడు వదిలేసే ప్రమాదం ఉంది. కారు ఫిల్టరు పెద్దది కాబట్టి మంచిదన్న వాదనకు ఇక్కడ ఆధారం లేదు.

చేత్తో పట్టుకుని చూసినా చాలా తెలుస్తుంది. మడతలు సమాన దూరంలో ఉండాలి, ఒకచోట కిక్కిరిసి మరోచోట ఖాళీగా ఉంటే నూనె ఖాళీ వైపు నుంచే పోతుంది. కాగితం రెండు కొసలు కలిసే అతుకు దగ్గర జిగురు తెగకుండా పైనుంచి కిందిదాకా ఉండాలి. కొస బిళ్లలు వంకర లేకుండా, లోపలి చిల్లుల గొట్టం వేలితో నొక్కితే లొంగకుండా ఉండాలి. రబ్బరు రింగును మెలిపెడితే పగుళ్లు కనిపించకూడదు. పాత దాంట్లో స్ప్రింగు కవాటం ఉండి కొత్త దాంట్లో లేకపోతే దాన్ని తిరిగి ఇచ్చేయాలి.

మన మార్కెట్లో ఎలోఫిక్, ప్యూరోలేటర్, బాష్, యూనో మిండా వంటి పేర్లతో ఫిల్టర్లు దొరుకుతాయి. పెద్ద బళ్లకు థాయిలాండ్‌లో తయారయ్యే హైఫ్లోఫిల్ట్రో, అమెరికాకు చెందిన కే అండ్ ఎన్ కూడా వాడుకలో ఉన్నాయి. వాహన కంపెనీకి సరఫరా చేసే సంస్థే అదే సరుకును సొంత డబ్బాలో అమ్మడం విడిభాగాల వ్యాపారంలో మామూలు. అలాగని ఒక సంస్థ చేసే ప్రతి నమూనా ఒకే నాణ్యతతో ఉంటుందనీ చెప్పలేం. చిన్న బళ్ల కాగితపు ఫిల్టరు ధర లీటరు ఇంజిన్ ఆయిల్ ధరలో చిన్న వంతే. ఇంత తక్కువ మొత్తంలో పది ఇరవై రూపాయల తేడా కోసం ఊరూ పేరూ లేని సరుకు కొనడంలో లాభం లేదు. చిన్న బండికి దిగుమతి ఫిల్టరు తెప్పించడమూ అంతే అనవసరం.

నకిలీల గుర్తింపు

ప్యాకెట్లలో అమ్మే సరుకుకు 2011 లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ముద్రించి ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా అనుమానించాలి. అక్షరాలు అలుక్కుపోవడం, హోలోగ్రాము స్టిక్కరులా ఊడిరావడం, డబ్బా మీది నంబరు లోపలి ఎలిమెంటు మీది నంబరుతో కలవకపోవడం మిగతా గుర్తులు. గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట వంటి పట్టణాల్లో బిల్లిచ్చే దుకాణంలో కొనడం సురక్షితం, బిల్లు లేకపోతే తర్వాత ఫిర్యాదుకు ఆధారం ఉండదు. ఇతరుల వాణిజ్య చిహ్నాన్ని దొంగిలించి సరుకు అమ్మితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు.

బిగింపు, గడువు

ఇంజిన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు నూనె దించాలి. మూత తీసేటప్పుడు స్ప్రింగు, ఓ రింగులు ఏ వరుసలో వచ్చాయో చూసుకోవాలి. కొన్ని ఎలిమెంట్ల మీద ‘అవుట్ సైడ్’ అని అచ్చు ఉంటుంది, ఆ ముఖం మూత వైపు రావాలి. తిరగేసి పెడితే నూనె దారి మూసుకుపోయి ఇంజిన్ పాడైపోయే అవకాశం ఉంది. కొత్త ఓ రింగుకు నూనె రాయాలి. స్పిన్-ఆన్ అయితే పాత సీలు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో తడిమి చూడాలి. రెండు సీళ్లు ఒకదాని మీదొకటి పడితే బండి కదిలిన కాసేపటికే నూనె చిమ్ముతుంది. సీలు తగిలాక ఎంత తిప్పాలన్నది ఫిల్టరు మీదే రాసి ఉంటుంది, దాన్ని చేత్తో బిగిస్తే చాలు. డ్రెయిన్ నట్టు వాషరు కొత్తది వేసి, స్టార్ట్ చేసి, రెండు నిమిషాల తర్వాత ఆపి, నూనె మట్టం చూడాలి. నూనె డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు లేకపోతే క్లచ్ జారవచ్చు (చూ. ఇంజిన్ ఆయిల్).

కొత్త బండిలో మొదటి 500 నుంచి 1000 కిలోమీటర్లలోనే లోహపు పొడి ఎక్కువ రాలుతుంది కాబట్టి తొలి మార్పును దాటేయకూడదు. ఆ తర్వాత గడువు మోడలును బట్టి మారుతుంది. చాలా మాన్యువళ్లు దుమ్ములో తిరిగే బళ్లకు గడువు తగ్గించుకోమంటాయి. పంట డబ్బు చేతికొచ్చాక చేయిద్దామని సర్వీసింగును వాయిదా వేస్తే, దుమ్ము, ఎండ, బరువు మూడూ కలిసే నెలలన్నీ పాత ఫిల్టరు మీదే గడుస్తాయి. మిరప కోతలు ముమ్మరమయ్యే ముందే, అంటే సంక్రాంతి నాటికి ఒకసారి మార్చుకోవడం ఈ నేలకు నప్పుతుంది. నూనె మార్చి ఫిల్టరు వదిలేయడం కూడా పొదుపు కాదు. పాత ఫిల్టరులోనూ, దాని గదిలోనూ నిలిచిన మురికి నూనె కొత్త నూనెలో కలుస్తుంది.

వారంటీ, చట్టం

బయటి ఫిల్టరు వాడితే వారంటీ పోతుందా అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. వారంటీ కార్డులోని షరతులే దీనికి మొదటి ఆధారం. చాలా కంపెనీలు అధికారిక సర్వీసింగు, తమ విడిభాగాలు వాడాలని అందులో రాస్తాయి. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం, ఫలానా బ్రాండు భాగాన్నే కొనాలన్న షరతుతో వారంటీని ముడిపెట్టడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. మనదేశంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న విడిభాగాలను బహిరంగ మార్కెట్లో దొరకనివ్వలేదన్న కేసులో 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వు అప్పీళ్లకు వెళ్లింది. అది కార్లకు సంబంధించినది, మోటారుసైకిళ్లకు నేరుగా వర్తించదు. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ ఫిల్టరు, అది తీరాక మంచి బయటి ఫిల్టరు అన్నదే ఆచరణలో తక్కువ చిక్కులున్న దారి.

వాడిన ఫిల్టరు పారవేత

పాత నూనెను చెదలు పట్టకుండా వాసాలకు పూయడం, ఫిల్టరును కాలువ గట్టున పారేయడం పల్లెల్లో ఉంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన నూనె, నూనె అంటిన ఫిల్టర్లు రెండూ ప్రమాదకర వ్యర్థాల జాబితాలోనే ఉన్నాయి. ఫిల్టరును ఒక రాత్రి బోర్లించి నూనె కారనిచ్చి, ఆ నూనెను మూత ఉన్న డబ్బాలో పట్టి, రెండింటినీ వాడిన నూనె సేకరించే సర్వీసు సెంటరుకు ఇవ్వాలి. వాడిన నూనె సేకరణ, పునర్వినియోగం విషయంలో నూనె తయారీదారుల మీద బాధ్యత పెట్టే నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.